బంధకముల పట్టువిడుపులు

వరాహమిహిరుడు క్రీస్తుశకము 6వ శతాబ్దమున రచించిన బృహత్సంహితయందు గ్రహచారములు, వర్షసూచనలు, గృహనిర్మాణము, రత్నపరీక్ష మొదలైన విషయముల నడుమ వజ్రలేపమను పేర నొక చిన్న ప్రకరణము కలదు. పచ్చి తుమ్మికకాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు, అందుగు గింజలు, వస మొదలగువానిని నీటిలో వేసి ఎనిమిదవ వంతు మిగులువఱకు కాచి, ఆ కషాయమున మహిసాక్షి, గుగ్గిలము, నల్లజీడి, అవిసెగింజలు, మారేడు నూఱి కలిపినచో లభించు ముద్దను వేడిగా నున్నప్పుడే ప్రాసాదములకును, గోడలకును, విగ్రహములకును, శివలింగములకును, బావులకును పట్టించవలెనని ఆచార్యుడు విధించి, అది కోటి సంవత్సరములు నిలుచునని అభయము కూడ ఇచ్చినాడు. కోటి సంవత్సరముల మాట అటుంచుదము; దానిని పరీక్షించుటకు మన కెవ్వరికిని తీరిక లేదు. కాని ఆ ద్రవ్యముల పట్టికను నేటి రసాయనశాస్త్రజ్ఞుడు చూచినచో నొక క్షణము ఆగి మరల చదువును. ఏలయన గాలి సోకి గట్టిపడు నూనె, చెట్టు స్రవించు జిగురు, చర్మమును పొక్కించు ఫీనాలు జాతి రసము అను మూడు తెగలును అందు చేరియున్నవి. నేటి బంధకపరిశ్రమ ఈ మూడు తెగలతోడనే ఆరంభమైనది.

ఐనను ఆ కాలపు శిల్పికిని ఈ కాలపు కర్మాగారాధిపతికిని అపేక్షలో నొక భేదము కలదు. శిల్పి తాను పూసిన లేపము యుగాంతమువఱకు పట్టు విడువరాదని కోరెను. నేడు పరిశ్రమలో బంధకము నెన్నుకొనువాడు అది ఎంత గట్టిగా పట్టునని అడుగుటకు ముందే, ఎంత తక్కువతో పని జరుగును, ఎప్పుడు విడిచిపెట్టును, విడిచిపెట్టినపిమ్మట ఏమి మిగుల్చును అని అడుగును. కావున ఈ వ్యాసమున పట్టును గూర్చి కొంతయు, విడుపును గూర్చి కొంత యధికముగను చెప్పదలచితిని.

బంధక మనగా నేమో ముందుగా చెప్పికొందము. తమంత తాము కలిసి యుండజాలని రేణువులను, పీచులను, పొడులను ఒక్కటిగా నిలుపు పదార్థము బంధకము. వేరుసెనగ ఉండలు చుట్టు ఇల్లాలికి ఈ శాస్త్ర మంతయు కరతలామలకము: పాకము లేతయైనచో ఉండ నిలువదు, ముదిరినచో పంటికి లొంగదు, ఎక్కువైనచో పప్పు రుచి మఱుగుపడును, తక్కువైనచో చేతిలోనే విడిపోవును. పప్పునకు బదులుగా ఇసుకయో, రంపపుపొట్టో, సానరజమో, రంగుపొడియో, పేలుడు లవణమో ఉంచి, బెల్లపు పాకమునకు బదులుగా పాలిమరు నుంచినచో పారిశ్రామిక బంధకముల కథ యగును. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱతో చేసిన అవయవములను చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతుకుదురు. ఆ చింతపిక్కలోని జిగురు కూడ పాలిమరే.

ఒకే తీరు చిన్న అణువులు వందలు వేలుగా ఒకదాని చివర నొకటి చేరి ఏర్పడిన దీర్ఘాణువునకు పాలిమరని పేరు. గంజిలోని పిండిపదార్థము, దూదిలోని సెల్యులోజు, పట్టు, రబ్బరు ప్రకృతి చేసిన పాలిమరులు. అంత పొడవైన అణువు లుండునని 1920లో హెర్మన్ స్టౌడింగర్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ప్రకటించినప్పుడు తోడి పండితు లనేకులు అంగీకరింపలేదు. చిన్న అణువులే గుంపులుగా కూడి పెద్దవానివలె కనబడుచున్నవని వారి వాదము. ఆయనకు నోబెల్ బహుమానము 1953లో వచ్చినది. అనగా ఊహ పుట్టిన 33 ఏండ్లకు. ఈ లోపల వర్తకులు మాత్రము పండితుల నిర్ణయమునకై నిరీక్షింపక పాలిమరులను టన్నులకొలది అమ్ముచునే యుండిరి.

దీర్ఘాణువులు బంధకములుగా పనికివచ్చుటకు కారణ మేమనిన, బంధకము ఒకే జీవితమున రెండు విరుద్ధదశలు గడపవలెను. మొదట ద్రవమై ప్రతి రేణువును తడిపి, దాని గరుకుతనములోనికిని సందులలోనికిని ప్రవహింపవలెను, తడుపనిది పట్టజాలదు. పిమ్మట అక్కడనే ఘనమై నిలిచిపోవలెను. ఈ మాఱ్పు మూడు విధముల జరుగును: కలిసియున్న నీరో మఱియొక ద్రావకమో ఆవిరియై పోవుట, వేడికి కరగినది చల్లారి గట్టిపడుట, అణువులు ఒండొంటితో రసాయనికముగా ముడిపడి, మరల కరగని వలగా నేర్పడుట. మొదటి రెండు విధములలో వెనుకకు మరలు దారి తెఱచియుండును. మూడవదానిలో ఆ దారి మూసుకొనిపోవును. అది మూసుకొనిపోవుట యొకనాడు గొప్ప విజయముగా తోచినది. నేడు అదియే యొక తలనొప్పియైనది.

మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించు లక్క ఈ రెండవ విధమునకు చెందినది. 19వ శతాబ్దాంతమున గ్రామఫోను ప్లేట్లు చేయుటకు ఎమిల్ బెర్లినర్ గట్టి రబ్బరును విడిచి లక్కమిశ్రమమును చేపట్టినది మొదలుకొని అర్ధశతాబ్దికి పైగా లోకమందలి సంగీత మంతయు మన దేశపు అడవిపురుగుల దయపై ఆధారపడియుండెనని చెప్పిన నతిశయోక్తి కాదు. ఆ నల్లని ప్లేటులో లక్క మూడవవంతునకు మించదు. మిగిలినది పలకరాతి పొడి, సున్నపురాతి పొడి, మసి. పాటను మోయునది రాతిపొడి యైనను, ఆ పొడిని గాడిలో నిలుపునది లక్క. కింద పడినచో విఱుగుననునదియే దాని లోపము. రెండవ ప్రపంచయుద్ధమున లక్కకు కొఱత యేర్పడినప్పుడు అమెరికాలో పాత ప్లేట్లను తిరిగి ఇచ్చి క్రొత్తవి కొనుడని అంగళ్ల వారు కోరిరి. వేడిచేసిన మరల మెత్తబడు గుణము లక్క కుండుటచేతనే అట్టి కోరిక సాధ్యమయ్యెను.

విద్యుత్తీగెలకును, చుట్టలకును పూతగా లక్కను వాడుట పెరిగి దాని వెల హెచ్చుచుండగా, దానికి ప్రత్యామ్నాయమును వెదకుచు, బెల్జియమున పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ మఱియొక త్రోవలో పోయెను. ఫీనాలును ఫార్మాల్డిహైడును కలిపినచో నొక జిడ్డుముద్ద యేర్పడునని అంతకు ముందే, 1872లో, అడాల్ఫ్ ఫన్ బేయర్ గమనించియుండెను. కాని పాత్రకు అంటుకొని వదలని ఆ ముద్దను ఆయన పనికిమాలినదిగా నెంచెను. పాత్రకు అంటి వదలని పదార్థము బంధకము కాదగునని తోచుటకు వ్యాపారదృష్టి కావలసివచ్చినది. బేక్‌లాండ్ వేడిని, ఒత్తిడిని అదుపులో నుంచి ఆ చర్యను లొంగదీసి, 1907లో పేటెంటు కోరి, 1909లో బేకలైటును లోకమునకు ప్రకటించెను. దానిలో కఱ్ఱపొడిని కలిపి అచ్చుపోసినచో స్విచ్చులు, టెలిఫోను పరికరములు, రేడియో పెట్టెలు సిద్ధమగుచుండెను. ఒకమాఱు గట్టిపడిన పిమ్మట అది ఏ వేడికిని కరగదు. మిక్కిలి వేడిచేసినచో మాడును గాని ద్రవము కాదు.

బేకలైటు పెట్టెలు ఇప్పుడు పాత సామానుల అంగళ్లలో తప్ప కనబడవు. ఆ పెట్టెలను చేసిన రెజిను, అనగా ఫీనాలు ఫార్మాల్డిహైడుల కలయికతో ఏర్పడిన ఫీనాలిక్ రెజిను, మాత్రము కంటికి కనబడని చోట్ల నేటికిని ఊడిగము చేయుచున్నది. వానిలో నాకు మిక్కిలి రసవత్తరముగా తోచునది సానచక్రము, అనగా కార్ఖానాలలో గ్రైండింగు వీలని పిలుచునది. ఎడ్వర్డ్ ఏచిసన్ 1891లో కనుగొన్న కార్బొరండము వంటి కఠినమైన రజమును ఫీనాలిక్ రెజినుతో తడిపి, రెజినుపొడితో దొర్లించి, అచ్చులో నొక్కి, 200 డిగ్రీలకు లోబడిన వేడిలో చాలసేపు కాల్చి దీనిని చేయుదురు. చక్రముపై ముద్రించిన అక్షరములలో నొకటి దాని కాఠిన్యమును తెలుపును: ఎ అక్షర మత్యంత మృదువైన చక్రమునకు, జెడ్ అక్షర మత్యంత కఠినమైనదానికి. క్రొత్తగా పనిలో చేరినవాడు ఈ కాఠిన్యము సానరజమున కనుకొనును. అది రజము మాట కాదు. రజమును పట్టుకొనియున్న బంధకపు పట్టు ఎంతటిదో ఆ యక్షరము చెప్పును.

కార్ఖానాలలో నొక నియమము కలదు: మెత్తని లోహమునకు గట్టి చక్రము, గట్టి లోహమునకు మెత్తని చక్రము. వినగానే తలక్రిందులుగా తోచు ఈ నియమమునకు కారణ మిది. ఉక్కును కోయుచు కోయుచు సానరేణువు మొక్కపోవును. మొక్కపోయిన రేణువుపై ఒరపిడి బలము పెరుగును. ఆ బలము నిర్ణీతమైన హద్దును దాటగానే బంధకము తెగి రేణువును జాఱవిడువవలెను. అప్పుడే దాని వెనుకనున్న పదునైన క్రొత్త రేణువు పనిలోనికి వచ్చును. గట్టి ఉక్కు రేణువులను త్వరగా మొక్కపఱచును గనుక అక్కడ త్వరగా విడుచు బంధకము కావలెను. మొక్కపోయిన రేణువులను కూడ మమకారముతో పట్టుకొనియున్న చక్రము ముఖము నున్నబడి మెఱయుచు, కోయుట మాని రాపాడుట మొదలుపెట్టి, ఉక్కును నీలిరంగు దేఱునట్లు కాల్చివేయును. మఱీ సులభముగా విడుచు చక్రము ఊరక అరిగి దుమ్మగును. ఈ రెంటి నడుమ నున్న సన్నని దారియే చక్రము చేయువాని విద్య యంతయు.

ఇనుపచువ్వలను కోయు పలుచని కటింగు వీలులో ఇదే రెజిను మఱియొక భారమును కూడ మోయవలెను. దాని యంచు సెకనుకు 80 మీటర్ల వేగముతో తిరుగును. ఆ వేగమున ముక్కలై చెదరినచో ప్రాణాపాయము. అందుచే గాజుపీచు వలను రెజినులో పొదుగుదురు. ఏండ్లు గడచిన కొలదియు గాలిలోని తేమ రెజిను పట్టును సడలించును గనుక చక్రము నడుమనున్న లోహపుకడియముపై గడువుతేదీ ముద్రింపబడియుండును. సాధారణముగా అది తయారైన నాటినుండి మూడేండ్లు. మందుసీసాపై తేదీ చూచి కొనువారు కటింగు వీలుపై తేదీని చూడరు. వెల్డింగు అంగళ్లలో పనిచేయువారందఱును దానిని చూచుట మంచిది.

పోతపనిలో విడుపు ఇంకను స్పష్టముగా కనబడును. మోటారు ఇంజనులో నీరు ప్రవహించుటకు లోపల వంకరటింకర మార్గము లుండును. ఆ మార్గముల ఆకారముననే ఇసుకతో కోరులను చేసి మూసలో నిలిపి చుట్టును కరగిన ఇనుమును పోయుదురు. ఇసుకను నిలుపు రెజిను ఇసుక బరువులో నూటికి కొలదిపాళ్లు మాత్రమే. కొన్ని పద్ధతులలో ఒక్కపాలే చాలును. 1,300 డిగ్రీలకు మించిన వేడిగల ఇనుము వచ్చి మీదపడినప్పుడు కోరు కూలరాదు. ఇనుము పైపొర గట్టిపడి తన యాకారమును తానే నిలుపుకొనగలుగువఱకు ఆ కొలది నిమిషములు మాత్రమే రెజిను ఓర్చుకొనవలెను. అటుపిమ్మట అది మాడి మసియై పోవలెను. పోయినగాని ఇసుక సడలి, చిన్న రంధ్రముగుండ బయటికి రాలదు. రెజిను ఎక్కువైనచో అది మాడునప్పుడు పుట్టు వాయువు ఇనుములో బుడగలై పోత చెడును. రెజినుపూత పూసిన ఇసుకను వేడి లోహపు నమూనాపై చల్లి, పలుచని పెంకువంటి మూసలు చేయు పద్ధతిని రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీయందు యోహాన్నెస్ క్రోనింగ్ రూపొందించెను. యుద్ధానంతరము అది దేశదేశముల ఫౌండ్రీలకు పాకినది.

బ్రేకు లైనింగులో కథ తిరుగబడును; ఇచ్చట వేడికి విడుచుట నేరము. లోహపుపొడి, పీచులు, గ్రాఫైటు, రాతిపొడి మొదలైన పది పదునైదు ద్రవ్యములను ఫీనాలిక్ రెజినుతో కలిపి వేడిమీద నొక్కి లైనింగును చేయుదురు. బరువైన లారీ కనుమదారిలో దిగుచున్నప్పుడు డ్రైవరు బ్రేకును తొక్కిపట్టియే యున్నచో లైనింగు వేడి 300 డిగ్రీలను దాటి, రెజిను విచ్ఛిన్నమై వాయువులను విడుచును. ఆ వాయువు లైనింగునకును డ్రమ్మునకును నడుమ పలుచని పొరగా చేరుటచే ఒరపిడి తగ్గి బ్రేకు పట్టదు. ఘాటురోడ్డు మొదట ‘తక్కువ గేరులో దిగుడు’ అని వ్రాసియుంచు హెచ్చరిక వెనుక ఈ రెజిను యొక్క ఓర్పు ఎంతటిదను లెక్క కూడ కలదు.

గట్టిపడిన ఫీనాలిక్ రెజిను స్వభావతః పెళుసు. దాని పెళుసుతనమును తగ్గించుటకు 20వ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికాలో నొక వింత ద్రవ్యమును వాడుకలోనికి తెచ్చిరి. అది జీడిపిక్కల పెంకులోని నూనె. శ్రీకాకుళము సీమయందలి పలాసలో జీడిపిక్కలను కాల్చి పగులగొట్టి పప్పు తీయువారికి ఈ నూనె పరమశత్రువు. చేతులకు సోకినచో చర్మము పొక్కును. కాని దానిని వేడిచేయగా లభించు కార్డనాలను పదార్థము ఫీనాలుకు తోబుట్టువు. దానికి పదునైదు కార్బను పరమాణువుల తోక యొకటి అదనముగా నుండును. ఆ తోక రెజినుకు సాగుదలను ప్రసాదించును. నూనెను రెజినుగా గట్టిపఱచి పొడిగొట్టి లైనింగులో కలిపినచో బ్రేకు కీచుమనక మెత్తగా పట్టును. పప్పు మన పాయసములోనికిని, పెంకునూనె లారీల బ్రేకులలోనికిని పోవుచున్నవి. జీడిమామిడి పోర్చుగీసువారితో వచ్చిన చెట్టు గనుక వరాహమిహిరుడు దాని నెఱుగడు. ఆయన వజ్రలేపములో చేర్చిన నల్లజీడి మాత్రము ఆ కుటుంబమునకే చెందిన మన దేశపు చెట్టు. చాకలివారు బట్టలపై చెరగని గుర్తులు పెట్టుటకు వాడినది ఆ నల్లజీడి రసమే. వేయిన్నర సంవత్సరముల యెడముతో ఇరువురు ఒకే కుటుంబపు చెట్లకడకు చేరుట కాకతాళీయ మని నాకు తోచదు. పట్టుగల రస మెచ్చట నున్నదో చేతులు పొక్కినవారికి తెలియును.

ఇక రంగులు. గోడకు పూయు రంగులో రంగుపొడి మనకు కనబడును; దానిని గోడకు కట్టియుంచు బంధకము కనబడదు. పూర్వము అవిసెనూనెయే ఆ పనిచేయుచుండెను. అది ఆఱినదని మన మనుచుందుము గాని దానిలోనుండి పోవునది తక్కువ. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి అణువులు ముడిపడి గట్టిపడును, బరువు కూడ కొంత పెరుగును. 1948లో అమెరికాయందు గ్లిడెన్ కంపెనీవారు కృత్రిమ రబ్బరుపాలతో చేసిన ఇంటిరంగును అమ్మకమునకు పెట్టినది మొదలు నీటిరంగుల యుగము వచ్చినది. వీనిలో పాలిమరు మిల్లీమీటరులో పదివేలవ వంతు పరిమాణముగల బంతులై నీటిలో తేలుచుండును. నీ రావిరియైన కొలది బంతులు దగ్గఱకు జరిగి, ఒత్తుకొని, ఆకారము కోలుపోయి, ఒక్క పొరగా కలిసిపోవును. మిక్కిలి చలిగానున్న దినమున బంతులు గట్టిగానుండి కలియక రంగు పొడిపొడిగా రాలును. శీతలదేశములవారు ఈ చిక్కును బాగుగ నెఱుగుదురు.

రంగుపొడి ఎంత, బంధక మెంత అను లెక్కను 1949లో ఆస్బెక్, వాన్ లూ అను ఇరువురు శాస్త్రీయముగా నిరూపించిరి. పొడిని పెంచుకొనిపోవగా నొక మేరవఱకు రేణువుల నడుమనున్న సందులన్నియు బంధకముతో నిండియుండును. ఆ మేర దాటగానే బంధకము చాలక సందులలో గాలి చేరును. నిగనిగ మాయమగును, తేమ లోనికి దూఱును, చేతితో రాచినచో పొడి అంటును. చవుక రంగునకును మేలిరంగునకును గల తారతమ్య మనేకమాఱులు ఈ యొక్క నిష్పత్తిలోనే యుండును. చవుకరంగు డబ్బా బరువుగా నుండుటచూచి సంతోషించువారు ఆ బరువు సున్నపుపొడిదని గ్రహింపవలెను.

ప్లైవుడ్డు గూర్చి రెండు మాటలు చాలును. పొరలను అతుకుటకు యూరియా ఫార్మాల్డిహైడు రెజిను చవుక. కాని తేమకు దాని ముడులు మెల్లమెల్లగా విడిపోయి, ఫార్మాల్డిహైడు వాయువు గదిలోనికి వెలువడును. క్రొత్త బీరువా తెఱచినప్పుడు కన్నులు మండించు ఘాటైన వాసనకు మూలము చాలమాఱు లిదియే. 2004లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ దీనిని మనుష్యులకు కేన్సరు కలిగించు ద్రవ్యములలో చేర్చినది. ఫీనాలిక్ రెజినుతో అతికిన ఐ.ఎస్. 710 తరగతి చెక్కను 72 గంటలు నీటిలో మరిగించినను పొరలు విడిపోరాదని భారత ప్రమాణము విధించుచున్నది. వంటింటికి ఏది కొనవలెనో వేఱుగా చెప్ప నక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పిన బంధకములన్నిటికంటెను కఠినపరీక్షకు నిలుచునది పులికాట్ సరస్సునకు అవతల, శ్రీహరికోటలో నున్నది. ఘనేంధన రాకెట్టు అనగా లోపల మంట పుట్టించు పొడిని కూరిన బాణసంచా వంటిదని చాలమంది భావింతురు. నిజమునకు అది రబ్బరుతో పోతపోసిన యొక మహాస్తంభము. అమోనియం పెర్క్లోరేటను లవణము మంటకు కావలసిన ప్రాణవాయువు నిచ్చును. అల్యూమినియపు పొడి వేడిని పెంచును. ఈ రెంటిని కలిపి బరువులో నూటికి 85 పాళ్లకు పైగా నున్న ఘనరేణువులను, హెచ్.టి.పి.బి. అను రబ్బరు బంధకము, మిగిలిన కొద్దిపాళ్లతో, ఎచ్చటను బీట లేకుండ పట్టియుంచవలెను.

మొదటినుండియు ఈ విద్య బంధకమునకై వెదుకులాటయే. 1942లో కాలిఫోర్నియాయందు జాక్ పార్సన్స్ అనునతడు రోడ్లకు వాడు తారును పొటాసియం పెర్క్లోరేటుతో కలిపి నిలుకడగల ఇంధనమును చేసెను. కాని తారు ఎండలో జాఱును, చలిలో పగులును. కొలది సంవత్సరములకే చార్లెస్ బార్ట్‌లీ తారును తొలగించి పాలీసల్ఫైడు రబ్బరును ప్రవేశపెట్టెను. అటుపిమ్మట పాలీబ్యుటాడయీను జాతి రబ్బరులు వచ్చినవి; అమెరికావారి స్పేస్ షటిల్ పార్శ్వరాకెట్లలో ఆ జాతికి చెందిన పీబాన్ అను బంధక ముండెను. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశలోను, చంద్రయాన్-3ను 2023 జూలై 14న మోసుకొనిపోయిన ఎల్.వి.ఎం.3 ఇరుప్రక్కల రాకెట్లలోను ఉన్నది హెచ్.టి.పి.బి. ఆ ప్రక్కరాకెట్లలో నొక్కొక్కదానికి 200 టన్నులకు పైబడిన ఇంధనము పట్టును. దానిలో బంధకభాగము రమారమి ఏడవవంతు మాత్రమే.

హెచ్.టి.పి.బి. స్వతహాగా తేనెవలె సాగు ద్రవము. దానిలో పెద్దవి చిన్నవి కలిసిన లవణరేణువులను, పెద్దవాని సందులలో చిన్నవి ఒదుగునట్లు లెక్కించి, కలుపుయంత్రములో నెమ్మదిగా కలుపుదురు. ఐసోసయనేటు జాతి ద్రవ్యము చేరినది మొదలు గడియారము నడచుచుండును. కొన్ని గంటలలో ముద్ద చిక్కబడును గనుక అంతలోనే గాలి తొలగించిన పాత్రలో, నడుమ అచ్చుకడ్డీ నిలిపి, పోత ముగించవలెను. పిమ్మట 60 డిగ్రీల ప్రాంతపు వెచ్చదనమున కొన్ని దినము లుంచగా ద్రవము రబ్బరగును. నడుమ కడ్డీని తీసివేసినచో నక్షత్రాకారపు బోలు మిగులును. మంట అంటుకొనునది ఆ బోలు గోడకే.

ఇంధనము ఎంత వేగముతో మండవలెనో నిర్ణయించునది మండుచున్న తలము వైశాల్యము. ఎచ్చటనైన వెండ్రుకవాసి బీట యున్నచో మంట అందులోనికి దూఱి, తలము ఒక్కమాఱుగా పెరిగి, ఒత్తిడి పెచ్చుమీఱి, రాకెట్టు గోడయే పగులవచ్చును. కావున బంధకము పోతపోసిన పిమ్మట చల్లారునప్పటి కుంచనమును, ఉక్కుగోడ విడువని బిగింపును, మోసుకొనిపోవునప్పటి కుదుపులను, అంటించిన క్షణమున పుట్టు ఒత్తిడిని, పైకెగయునప్పటి త్వరణమును సాగి ఓర్చుకొనవలెను. ఇంత యోర్పును చూపినపిమ్మట దానికి దక్కు ఫల మేమనగా, తానును ఇంధనమై, తాను పట్టియుంచిన రేణువులతోడనే రెండు మూడు నిమిషములలో భస్మమగుట. ఒకవేళ కాలకుండ మిగిలినచో అదియే దోషము.

హైదరాబాదు చుట్టుపట్ల మందులు చేయు కర్మాగారములలో ఈ విడుపునకే అధికారికముగా గడియారము పెట్టిరి. జ్వరమాత్రలో మందుపొడి తనంత తాను మాత్రగా నిలువదు. పిండిగంజియో, పోవిడోనను పాలిమరో కలిపి రేణువులుగా చేసి నొక్కుదురు. పోవిడోనును 1939లో జర్మనీలోని వాల్టర్ రెప్పె రూపొందించెను. యుద్ధమున గాయపడినవారికి రక్తద్రవమునకు బదులుగా కూడ దానిని ఎక్కించిరి. మాత్ర లారీలో అదురుటను, అంగడిలో ఏండ్లతరబడి నిలువయుండుటను ఓర్చుకొనవలెను. కాని పైపూత లేని సాధారణమాత్ర 37 డిగ్రీల నీటిలో 15 నిమిషములలోగా విచ్చిపోవలెనని మన ఔషధసంహిత విధించుచున్నది. విచ్చని మాత్ర లోనికి పోయినను పోనట్లే.

విడుపు తెలియని బంధకము మనకు తెచ్చిపెట్టిన చిక్కు గాలిమరల ఱెక్కలలో చూడవచ్చును. అనంతపురము సీమలోని రామగిరి కొండలపై 1990ల నాటినుండియు గాలిమరలు తిరుగుచున్నవి. గాజుపీచును ఎపాక్సీ వంటి రెజినుతో కలిపి చేసిన ఱెక్క ఎండకు, వానకు, అలసటకు లొంగక ఇరువది, ఇరువదియైదేండ్లు నిలుచును. కాని ఆయువు తీరిన నాడు దానిని కరిగింపవలనుపడదు, పీచును రెజినునుండి సులభముగా వేఱుచేయ వలనుపడదు. లోకమునందు పలుచోట్ల అట్టి ఱెక్కలను కోసి నేలలో పాతిపెట్టుచున్నారు. 2011లో పారిస్‌యందు లుడ్విక్ లీబ్లర్ బృందమువారు వల విడిపోకుండనే ముడులు వేడికి స్థానము మార్చుకొనగల క్రొత్త వలపాలిమరులను చూపిరి. విట్రిమరులని వాని పేరు. ఇవి గట్టిపడియు, వేడిచేసిన మరల మలచుకొన నవకాశ మిచ్చును. దీనికి వేఱైన మఱియొక మార్గమున, పలుచని ఆమ్లములో ముంచి వేడిచేసినచో పీచును విడిచిపెట్టు రెజినుతో సీమెన్స్ గమేసా కంపెనీ 2021లో ఱెక్కలను చేసినది. మఱుసటి యేడు అవి జర్మనీ సముద్రమున కాస్కాసి గాలిమరల క్షేత్రములో తిరుగ నారంభించినవి. ప్రయోగశాలలో ముక్కలపై ఆ విడుపు రుజువైనది. పూర్ణప్రమాణముగల ఱెక్కను ఆమ్లపుతొట్టిలో దింపు దినము రావలెననిన, ముందు ఆ ఱెక్క తన ఇరువది సంవత్సరముల కొలువును పూర్తిచేసికొనవలెను.